అరుంధతి యాడుంది తాతా?

పోయిన వైశాఖంలో కల్లావిలో మా దాయాదుల ఇంట పెండ్లి జరిగింది. రాత్రి 9 గంటల లగ్నం. తలంబ్రాలు అయ్యాయి, ఏడడుగులు అయ్యాయి. పురోహితులు వధూవరులను పందిరి అంచుదాకా తీసుకొని వచ్చి, "అదిగో అరుంధతి, చూడమ్మా" అని చేయి ఎత్తి చూపించారు. ఆయన చూపించిన వైపు రంగురంగుల బల్బుల తోరణం వెలుగుతూ ఆరుతూ ఉన్నది. దాని వెనక ఫోటో తీసేవారి పెద్ద దీపం. పెండ్లికూతురు తల ఎత్తి, కళ్ళు చిట్లించి, "చూశాను స్వామీ" అన్నది. అందరమూ అక్షతలు వేశాము.

నా పక్కన మా తమ్ముని మనుమరాలు నిలబడి ఉన్నది. తొమ్మిదవ తరగతి చదువుతున్న పిల్ల. నా చొక్కా పట్టి లాగి, "యాడుంది తాతా?" అని అడిగింది. చూపిద్దామని వీధిలోకి తీసుకుపోయాను. ఉత్తరాన సప్తర్షులు ఉండవలసిన చోట నాలుగైదు చుక్కలు మాత్రమే మసకగా కనిపించాయి. వసిష్ఠుడు దొరికాడు. ఆయన పక్కన ఉండవలసిన అరుంధతి మాత్రం కనబడలేదు. నా కళ్ళు డెబ్బై దాటినవి, వాటిని నమ్మడానికి లేదు. కాని ఆ పిల్ల కళ్ళకూ చిక్కలేదు. "మరి అక్క చూశానని చెప్పిందే!" అన్నది. పెండ్లిలో చూడని నక్షత్రాన్ని చూశానని చెప్పడం మనకు కొత్త గాదు. నా పెండ్లినాడు నేను చూశానో లేదో నాకే జ్ఞాపకం లేదు. ఆ మాట పిల్లకు చెప్పలేదు.

ఈ వ్యాసం ఆ పిల్ల వేసిన ప్రశ్నతో మొదలైనది.

ఆ ఏడు ఆమెకు బడిలో ఒక పరిశోధన చేయవలసి ఉన్నది. 1993లో బాలల సైన్సు కాంగ్రెసు మొదలైనప్పటినుంచి దేశంలో చాలా బడులలో ఈ మంచి అలవాటు పడింది. 10 నుంచి 17 ఏండ్ల లోపు పిల్లలు తమ ఊరి సంగతి ఒకటి ఎంచుకొని, తామే అడిగి, కొలిచి, రాసి తేవాలి. పుస్తకం చూసి ఎత్తి రాస్తే కుదరదు. సైన్సు టీచరుగారు "మీ ఊళ్ళో పోయినది ఏదైనా ఒకటి చూడండి" అన్నారట. ఒకరు బావులు అన్నారు, ఒకరు పిచ్చుకలు అన్నారు. ఈ పిల్ల "చుక్కలు" అన్నది. క్లాసంతా నవ్విందని చెప్పింది.

దూరాన ఉన్న పాఠకులకు కల్లావి ఎక్కడో చెప్పవలసి ఉన్నది. కృష్ణగిరి జిల్లా ఊత్తంగరై తాలూకాలోని ఊరు. కృష్ణగిరి 2004 ఫిబ్రవరి 9న ధర్మపురి నుంచి విడిపోయి వేరే జిల్లా అయినది. ధర్మపురి 1965లో సేలం నుంచి విడిపోయింది. అంతకు ముందు ఇదంతా బారామహల్. 1792లో టిప్పు సుల్తాను చేతినుంచి కుంపినీవారి చేతికి వచ్చిన సీమ. హోసూరు వైపు తెలుగు, కన్నడం, తమిళం ఒకే వీధిలో వినబడతాయి. ఊత్తంగరై, కల్లావి వైపు తమిళమే ఎక్కువ. అయినా మనవాళ్ళ ఇళ్ళు ఉన్నాయి. తాతముత్తాతల నాటినుంచి ఇక్కడే పుట్టి, ఇక్కడే దున్నుకొని, బజారులో తమిళం, ఇంట్లో తెలుగు మాట్లాడుకొనే కుటుంబాలు. 1956లో భాషలను బట్టి రాష్ట్రాలు గీసినప్పుడు గీత ఎక్కడో పైన పడింది. మనం ఎక్కడివాళ్ళం అక్కడే ఉన్నాము.

పిల్ల మొదట చేసిన పని నాకు నచ్చింది. చుక్కలను లెక్కపెట్టడానికి ముందు వాటి పేర్లు పోగుచేయాలని అనుకొన్నది. వేసవి సెలవుల్లో ఇంటింటికీ పోయి ముసలివారిని అడిగింది. తమిళుల ఇళ్ళకు పోవడానికి తోడుగా ఇద్దరు స్నేహితురాళ్ళను పట్టుకొన్నది. మా వదినె, అంటే ఆ పిల్లకు అవ్వ, పడక మంచం మీదనే కూర్చొని గుక్క తిప్పుకోకుండా చెప్పింది: ఒకచోట గుంపుగా ముడుచుకొని ఉండేది పిల్లలకోడి. తెల్లవారుజామున వచ్చేది వేగుచుక్క. నడినెత్తిన పాలు ఒలికినట్లు ఉండేది పాలవెల్లి. ఉత్తరాన నాలుగు చుక్కలు ముసలమ్మ మంచం కోళ్ళు, వెనక వరుసగా వచ్చే మూడు ఆ మంచాన్ని ఎత్తుకుపోవడానికి వచ్చిన దొంగలు. శాస్త్రులవారు సప్తర్షులు అన్నవారిని మా వదినె ముగ్గురు దొంగలనూ ఒక మంచాన్నీ చేసింది. ఆ ముగ్గురు దొంగలలో నడిమివాడే వసిష్ఠుడు. అరుంధతి దొంగల నడుమ కాపురం చేస్తున్నదని పిల్ల ఒకటే నవ్వు.

"చూపించవ్వా" అంటే, "పిల్లలకోడి ఇప్పుడు యాడుంటుంది? కార్తీకానికి వస్తుంది" అన్నదట. నిజమే గదా. వైశాఖంలో సూర్యుడు కృత్తికలకు దగ్గరగా ఉంటాడు; ఆ గుంపు పగటి వెలుగులో మునిగిపోయి ఉంటుంది. మన రైతులు కార్తెలు కట్టినది ఈ లెక్కతోనే. సూర్యుడు రోహిణిలో ఉన్న పక్షం రోజులు రోహిణి కార్తె, మే చివరలో వస్తుంది. జూన్ 7, 8 తేదీలలో మృగశిర వస్తుంది, తరువాత ఆరుద్ర. తమిళ రైతు అగ్నినక్షత్రమని, ఆడిపట్టమని లెక్క చెప్పే చోట మనవాడు కార్తె పేరు చెప్పి విత్తనాలు తీస్తాడు. ఆ నక్షత్రాలను కళ్ళతో చూడాలంటే మాత్రం ఆరు నెలలు ఆగి, చలికాలం రాత్రి తల ఎత్తాలి. రోహిణి, మృగశిర, ఆరుద్ర అన్నీ ఒకే మూలన, ఇరుగుపొరుగు ఇళ్ళ మాదిరి కనిపిస్తాయి. వానకాలం పేర్లు చలికాలపు ఆకాశంలో ఉండడం నాకు ఈ వయసులో, ఈ పిల్ల పుణ్యాన మొదటిసారి సరిగా అర్థమైనది.

నోటుపుస్తకం నాకు చూపించడానికి తెచ్చింది. చూసి ఒక్క నిమిషం నాకు నోట మాట రాలేదు. తెలుగు పేర్లన్నీ తమిళ అక్షరాలలో రాసి ఉన్నాయి. పిల్లకు తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. అది ఆమె తప్పు గాదు. 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చింది. ఆ సంవత్సరం ఒకటవ తరగతితో మొదలై, ఏటా ఒక్కొక్క తరగతి ఎక్కుతూ, 2015-16 నాటికి తమిళం పదవ తరగతికీ తప్పనిసరి పాఠం అయినది. తెలుగు, కన్నడం, ఉర్దూ పిల్లల గోడు కోర్టులదాకా పోయింది, మినహాయింపులు వచ్చాయి. ఆ వ్యవహారమంతా మన పాఠకులకు తెలిసినదే. కాని నా మనసులో ఉన్నది చెబుతాను: చట్టం కంటే ముందే మా ఇళ్ళలో పలకా బలపం పక్కన పెట్టినవాళ్ళం మేమే. "ఇంట్లో మాట్లాడుతున్నాము గదా, చాలదా" అనుకొన్నాము.

చాలదని ఆ నోటుపుస్తకం చూపించింది. తమిళంలో క, గ రెండింటికీ ఒకే అక్షరం. మాట మొదట్లో ఉంటే దాన్ని 'క' అనే చదువుతారు. అందుచేత ఆకాశంలో వరుసగా నిలిచే మూడు చుక్కలకు మా వదినె చెప్పిన పేరు, గొల్లకావడి, పుస్తకంలో 'కొల్లకావడి' అయి కూర్చున్నది. తమిళంలో 'కొల్ల' అంటే చంపడానికి. స్నేహితురాలు దాన్ని చదివి, "చంపే కావడియా? ఇదేమి పేరే?" అని అడిగిందట. పాలకుండలు మోసుకుపోయే పాపం గొల్లవాడు, అక్షరం చాలక హంతకుడైనాడు. పిల్ల నా దగ్గరకు వచ్చి, "తాతా, గ ఎట్ల రాసేది?" అని అడిగింది. ఆ సాయంకాలం 'గ'తో మొదలుపెట్టాము. ఎవరూ అ ఆలతో గాక 'గ'తో అక్షరాభ్యాసం చేసి ఉండరు. నెలరోజుల్లో చుక్కల పేర్లన్నీ తెలుగులో రాసింది. గుడింతం ఇంకా తడబడుతూనే ఉన్నది.

ఇటువంటి చిన్న సంగతులు ఇంకా తేలాయి. తమిళ ఇళ్ళలో వేగుచుక్కను విడివెళ్ళి అన్నారు. పుస్తక తమిళంలో నక్షత్రాన్ని విణ్‌మీన్ అంటారు, ఆకాశపు చేప అని అర్థం చెప్పుకొంటారు. మనకు నక్షత్రమూ చుక్కే, ముగ్గులో పెట్టేదీ చుక్కే. కన్నడం వారికీ చుక్కియే. తమిళంలో కోలం వేసేటప్పుడు పెట్టేది పుళ్ళి. దానికీ ఆకాశానికీ సంబంధం లేదు. తెల్లవారక ముందే లేచి వాకిట్లో చుక్కలు పెట్టే ఆడది తల ఎత్తి ఆ చుక్కలనూ చూసి ఉంటుంది గదా అని పిల్ల తన పుస్తకంలో రాసుకొన్నది. ఇది శాస్త్రమా కాదా అని నేను ఆలోచించలేదు, మాట బాగుందని అనుకొన్నాను. అరుంధతి మాత్రం రెండు భాషల్లోనూ అరుంధతియే. తమిళుల పెండ్లిలోనూ సన్నికల్లు మీద కాలు పెట్టించి అరుంధతిని చూపిస్తారు. ఆ ఇళ్ళలో కూడా చూశామని చెప్పినవారే ఎక్కువట!

ఒకరోజు పిల్ల, "చదువుకొనే వయసులో పరిశోధన చేసినవాళ్ళు నిజంగా ఉన్నారా తాతా, లేక ఇదంతా మార్కుల కోసమా?" అని అడిగింది. నాకు ఇద్దరు జ్ఞాపకం వచ్చారు. ఇద్దరూ ఒక భాషలో పుట్టి మరొక భాష నడుమ పెరిగినవాళ్ళే, మన మాదిరి.

ఒకరు చంద్రశేఖర వెంకట రామన్. 1888లో తిరుచిరాపల్లిలో తమిళుల ఇంట పుట్టారు. తండ్రిగారికి విశాఖపట్నంలోని మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాలలో ఉద్యోగం రావడంతో 1892లో కుటుంబం తెలుగు సీమకు వచ్చింది. పిల్లవాడు అక్కడ సముద్రం పక్కన పెరిగి, 11 ఏండ్లకే మెట్రిక్యులేషన్ ముగించాడు. తరువాత మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుతూ ఉండగా, సన్నని సందులో నుంచి ఏటవాలుగా పోయే వెలుతురు రెండు పక్కలా ఒకే తీరుగా చారలు వేయడం లేదని గమనించాడు. అందరి కళ్ళ ఎదుటా ఉన్నదే, అందరూ వదిలేసినదే. దాన్ని కొలిచి వ్యాసం రాస్తే 1906 నవంబరులో లండన్‌లోని ఫిలసాఫికల్ మ్యాగజైన్ అచ్చువేసింది. అప్పటికి ఆయనకు 18 ఏండ్లు. 1928 ఫిబ్రవరి 28న కలకత్తాలో బయటపెట్టిన రామన్ ఫలితం, 1930లో వచ్చిన నోబెల్ బహుమానం లోకానికి తెలిసినవే. ఆ దారికి మొదటి అడుగు ఒక విద్యార్థి బల్ల మీద పడింది.

రెండవవారు వేణు బాప్పు. ఈయన కథ మా కల్లావికి మరీ దగ్గర. మలయాళం వారి బిడ్డ, 1927లో మద్రాసులో పుట్టాడు, పెరిగినది హైదరాబాదులో. తండ్రి నిజామియా వేధశాలలో ఉద్యోగి. కొడుకు నిజాం కళాశాలలో చదువుకొంటూ, రాత్రిళ్ళు వేధశాలలో వెలుగు హెచ్చుతగ్గులయ్యే నక్షత్రాలను గమనించి లెక్కలు రాసేవాడు. విద్యార్థిగా ఉండగానే ఆ పరిశీలనలు అచ్చయినాయి. హైదరాబాదు ప్రభుత్వపు విద్యార్థి వేతనంతో అమెరికాలో హార్వర్డుకు వెళ్ళాడు. వెళ్ళిన కొద్ది నెలలకే, 1949 జూలై 2 రాత్రి తీసిన ఫోటో పలక మీద ఎవరూ ఎరుగని తోకచుక్క ఒకటి కనిపెట్టాడు. అది బాప్పు-బాక్-న్యూకిర్క్ తోకచుక్క అని పేరుపొందింది. గురువు బార్ట్ బాక్, తోటి విద్యార్థి గోర్డన్ న్యూకిర్క్ పేర్లు కూడా దానికి కలిశాయి. అప్పటికి బాప్పుకు 22 ఏండ్లు నిండలేదు.

తిరిగివచ్చిన తరువాత ఆయన 1960లో కొడైకెనాల్ వేధశాలకు అధిపతి అయినారు. అక్కడ సూర్యుణ్ణి చూడవచ్చు గాని, రాత్రి ఆకాశానికి మబ్బులు అడ్డం. చీకటి బాగా ఉన్న కొండ ఒకటి కావాలని దక్షిణ దేశమంతా వెదికించి, చివరకు ఎంచుకొన్నది ఏదనుకొన్నారు? కల్లావి మిద్దె ఎక్కి ఈశాన్యం వైపు చూస్తే కనిపించే జవ్వాది కొండల్లో, ఆలంగాయం దగ్గరి కావలూరు. ఇప్పుడు అది తిరుపత్తూరు జిల్లాలో ఉన్నది. సముద్ర మట్టానికి 700 మీటర్లకు పైగా ఎత్తు, చుట్టూ అడవి, దగ్గరలో పట్టణపు దీపాలు లేవు. భూమధ్యరేఖకు చాల దూరం గాదు గనుక దక్షిణపు ఆకాశం కూడా బాగా దొరుకుతుంది. 1960ల చివరలో చిన్న దూరదర్శినితో పని మొదలై, 1972లో ఒక మీటరు అద్దం గల దూరదర్శిని వచ్చింది.

దానితో జరిగిన పని ఒకటి పిల్లకు చెబితే కళ్ళు పెద్దవి చేసుకొని విన్నది. 1977 మార్చి 10న యురేనస్ గ్రహం ఒక నక్షత్రానికి అడ్డం వచ్చింది. గ్రహం అడ్డుపడక ముందే నక్షత్రం వెలుగు కొన్నిసార్లు తగ్గి మళ్ళీ పెరిగింది, ఎవరో దీపం ముందు వేళ్ళు ఆడించినట్లు. ఆ వేళ్ళే యురేనస్ చుట్టూ ఉన్న వలయాలు. విమానంలో దూరదర్శిని పెట్టుకొని ఎగిరిన అమెరికావారు ఆ సంగతి కనిపెట్టిన రాత్రే, జవ్వాది కొండ మీద మనవారికీ దాని ఆనవాలు చిక్కింది. బాప్పు 1982లో పోయారు. ఆయన తలపెట్టిన 2.34 మీటర్ల పెద్ద దూరదర్శినిని మన దేశంలోనే చేసి, 1986 జనవరి 6న ఆయన పేరే పెట్టారు. 1988లో ఆ కొండ మీదినుంచే ఆర్. రాజమోహన్‌గారు ఒక చిన్న గ్రహాన్ని కనిపెట్టి రామానుజన్ పేరు పెట్టారు. నేను ఇన్నేండ్లు ఆ కొండలను చూస్తూ వాన వస్తుందా రాదా అని మాత్రమే ఆలోచించాను.

చీకటి కోసం వెదికి వచ్చిన చోటు అని చెప్పగానే, పిల్ల "అయితే చీకటి కూడా ఆస్తియేనా?" అన్నది. ఆస్తి అయితే హద్దు రాళ్ళు ఉండాలి. వెలుతురుకు హద్దు రాయి లేదు. దీపం నుంచి పైకి పోయిన వెలుతురు గాలిలో, దుమ్ములో చెదిరి తిరిగి మన కళ్ళలో పడుతుంది. అదే పట్టణాల మీద కనిపించే తెల్లని మసక. నీలపు వెలుతురు మరీ ఎక్కువగా చెదురుతుంది. పగటి ఆకాశం నీలంగా ఉండడానికీ అదే కారణం. పాత సోడియం దీపాలు పచ్చగా ఉండేవి. 2015 తరువాత దేశమంతటా వీధుల్లో పెట్టిన కొత్త ఎల్.ఇ.డి. దీపాలు తెల్లనివి, నీలం పాలు ఎక్కువ. కరెంటు మిగిలింది, చుక్కలు పోయాయి. లడాఖులోని హాన్లే వేధశాల చుట్టూ 2022 డిసెంబరులో చీకటి ఆకాశపు రక్షిత ప్రాంతమని ప్రకటించి దీపాలకు నియమాలు పెట్టారు. అక్కడ ఊళ్ళు తక్కువ, సాధ్యమైనది.

ఇక్కడ నేను పిల్లకు ఒక మాట అడ్డం చెప్పవలసి వచ్చింది. చీకటిని మరీ పొగడవద్దన్నాను. లాంతరు పట్టుకొని పొలానికి పోయి పాము కరిచి చనిపోయినవాళ్ళను నేను ఎరుగుదును. కిరసనాయిలు బుడ్డి ముందు చదువుకొన్నవాణ్ణి, కరెంటు వచ్చిన రోజు ఊరంతా పండుగ చేసుకొన్నాము. పిల్ల దాన్ని విని ఊరుకోలేదు, తన ప్రశ్నలలో చేర్చింది. ఆడవాళ్ళను, బస్సు దిగి నడిచి వచ్చే కాలేజీ పిల్లలను అడిగింది: ఎక్కడ దీపం చాలదు, ఎక్కడ ఎక్కువ? వచ్చిన జవాబులు చూస్తే నవ్వాలో ఏడ్వాలో తెలియదు. నడిచే దారి చీకటిగా ఉన్నది; మూసిన అంగడి బోర్డు తెల్లవార్లూ వెలుగుతున్నది. ఎవరూ తిరగని చోట ఒక ఎత్తు స్తంభం ఆకాశానికి దీపం పడుతున్నది. దీపానికి పైన ఒక తొడుగు వేసి కిందికి వంచితే దారికీ వెలుగు వస్తుంది, చుక్కలూ మిగులుతాయి. ఇది చెప్పడానికి పెద్ద చదువు అక్కరలేదు. కాని అడిగినవాళ్ళు ఇంతవరకు లేరు.

దీపం మనుషులకే గాదు, చెట్లకూ తగులుతుంది. హోసూరు వైపు రాత్రి పోతే చామంతి తోటల్లో వరుసగా బల్బులు వెలుగుతూ ఉండడం మీరు చూసే ఉంటారు. దొంగల భయానికి అనుకొనేవాణ్ణి. కాదట. చామంతి పొద్దు తక్కువ, రాత్రి ఎక్కువ ఉన్న రోజుల్లోనే పూస్తుంది. రాత్రి నడుమ కొంతసేపు దీపం వేస్తే, చెట్టు ఇంకా వేసవి రాత్రులే అనుకొని మొగ్గ వేయక కొమ్మలు పెంచుకొంటుంది. రైతు తనకు కావలసిన నాడు దీపం ఆర్పుతాడు, కొన్ని వారాలకు పండుగ ధరకు పూలు వస్తాయి. చెట్టు కొలిచేది పగటిని గాదు, రాత్రి నిడివిని. గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు 1920లో, మొక్కలు పొద్దు నిడివిని బట్టి పూస్తాయని పొగాకు, సోయా మొక్కల మీద రుజువు చేశారు. రాత్రి సంగతి తరువాతివారు తేల్చారు. రైతు కావాలని వేసిన దీపానికే చెట్టు ఇంతగా మోసపోతే, మనం తెలియక తెల్లవార్లూ వేసిన దీపానికి వీధిలోని చెట్టు, దాని మీది పిట్ట, దీపం చుట్టూ తిరిగి చచ్చే పురుగు ఏమవుతాయి? మిణుగురులు ఒకదాన్ని ఒకటి పిలుచుకొనేది వెలుగుతోనే. ఆ పిలుపు వినబడకుండా మనం పక్కన దీపం పెట్టి కూర్చున్నాము. నా చిన్నప్పుడు చెరువు గట్టు మీద మిణుగురులు ఉండేవి. పిల్ల వాటిని చూడలేదు, పేరు మాత్రం రాసుకొన్నది.

చివరకు పుష్య అమావాస్య వచ్చింది. మిద్దె ఎక్కాము. పద్ధతి చాలా సులువు, ఏ ఇంట్లోనైనా చేయవచ్చు. చంద్రుడు లేని రాత్రి కావాలి. దీపాలు ఆర్పి ఇరవై నిమిషాలకు తక్కువ గాకుండా చీకట్లో కూర్చోవాలి. కంటికి చీకటి అలవాటు కావడానికి అంత సమయం పడుతుంది. సెల్‌ఫోను ఒక్కసారి చూస్తే మళ్ళీ మొదటినుంచి లెక్క. రాసుకోవడానికి టార్చి మీద ఎర్రని గాజు కాగితం కట్టుకోవాలి, ఎరుపు కంటిని అంతగా చెడపదు. మృగశిర, ఆరుద్రల దగ్గర నాలుగు పెద్ద చుక్కలు చతురస్రంగా ఉంటాయి, నడుమ మూడు చుక్కల వరుస ఉంటుంది. ఆ నాలుగు మూలల లోపల ఎన్ని చుక్కలు కనిపిస్తాయో లెక్కపెట్టాలి, అంతే. హోసూరులో ఉన్న చిన్నాయన ఇంటి మిద్దె మీద ఆమె లెక్కపెడితే ఒక చేతి వేళ్ళు చాలాయి. కల్లావిలో రెండు చేతుల వేళ్ళు అయిపోయి, నా వేళ్ళు అడిగింది.

ఇటువంటి లెక్కలను ప్రపంచమంతటా పిల్లలు, పెద్దలు 2006 నుంచి పోగుచేస్తున్నారు. 2011 నుంచి 2022 వరకు వచ్చిన 51,351 లెక్కలను కలిపి చూసి, రాత్రి ఆకాశపు వెలుతురు ఏటా సగటున 9.6 శాతం పెరుగుతున్నదని 2023 జనవరిలో సైన్స్ పత్రికలో తేల్చారు. అనగా 250 చుక్కలు కనిపించే చోట పుట్టిన బిడ్డకు 18 ఏండ్లు వచ్చేసరికి 100 మాత్రమే కనిపిస్తాయి. ఆ లెక్కలలో చాలా భాగం ఐరోపా, అమెరికాలవి. మన మిద్దెలమీదినుంచి పోయినవి తక్కువే. పిల్ల ఆ వాక్యం దగ్గర తన పుస్తకంలో గీత గీసి, అంచున "కల్లావి లేదు" అని తెలుగులో రాసింది.

పోటీకి తీసుకుపోయినప్పుడు ఒక పరీక్షకుడు నోటుపుస్తకం తిరగవేసి, "ఇందులో సగం సైన్సు, సగం ముసలమ్మల మాటలు. ఏదో ఒకటి తేల్చుకోవాలి" అన్నాడట. బహుమానం రాలేదు. పిల్ల ఏడవలేదు గాని, ఇంటికి వచ్చి రెండు రోజులు మాట్లాడలేదు. నాకైతే కోపం వచ్చింది. ఆ చుక్క ఉన్నదని మా వదినెకు తెలుసు, దాని పేరు తెలుసు, ఎప్పుడు వస్తుందో తెలుసు. చుక్క పోతే పేరుకు ఆధారం పోతుంది, పేరు పోతే చుక్క పోయినదని కూడా ఎవరూ గుర్తించరు. రెండింటినీ ఒకే పుస్తకంలో రాయడం తప్పెట్లా అవుతుంది? టీచరుగారు కూడా ఇదే అన్నారు. వచ్చే ఏటికి మళ్ళీ పంపుతామన్నారు.

పని మాత్రం పూర్తి కాలేదు, గొల్లకావడి దగ్గర చిక్కు పడింది. మిద్దె మీద మేము లెక్కపెట్టిన మూడు చుక్కల వరుసే గొల్లకావడి అని మా వదినె చెప్పింది. నడుమ గొల్లవాడు, రెండు పక్కలా రెండు కుండలు. కాని వీధి చివరి ఇంటి అవ్వ, మా వదినె కంటే పదేండ్లు పెద్ద, "అది కాదమ్మీ. గొల్లకావడి శ్రావణంలో వస్తుంది. నడిమి చుక్క పెద్దది, బరువు మోసేవాడు గదా" అన్నది. నేను పంచాంగం తిరగవేశాను. శ్రవణ నక్షత్రం కూడా మూడు చుక్కల వరుసే, నడిమిది పెద్దది. ఇద్దరు అవ్వలూ తమ తల్లి దగ్గర నేర్చుకొన్నదే చెబుతున్నారు. ఎవరు చెప్పినది సరియైనదో, లేక రెండు ఊళ్ళ గొల్లవాళ్ళు ఇద్దరున్నారో, వేలుపెట్టి చూపిస్తే తప్ప తేలదు. శ్రవణం సాయంకాలం తూర్పున కనబడడానికి ఆషాఢ శ్రావణాలదాకా ఆగాలి. అప్పుడు మబ్బులు ఉంటాయి. పెద్దవ్వకు మిద్దె మెట్లు ఎక్కడం కష్టం. వాకిట్లో మంచం వేసి, అంగడివాణ్ణి అడిగి ఆ ఒక్క రాత్రికి బోర్డు ఆర్పించాలని పిల్ల ఏర్పాటు. అతను సరే అన్నాడు. పుస్తకంలో ఆ పేరుకు ఎదురుగా ఒక పుట ఖాళీగా వదిలిపెట్టి ఉన్నది.